తూర్పు ఆఫ్రికా సఫారీ: బయలుదేరే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

కెన్యా, టాంజానియా వనాలకు వెళ్లాలనుకునే స్నేహితులు, బంధువులు, వారి ద్వారా పరిచయమైనవారు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులివి. ఎక్కువ భాగం ఉత్తర టాంజానియా, దక్షిణ కెన్యాల గురించే ఉంటుంది. ఉగాండా, రువాండాల ప్రస్తావన గొరిల్లాల దగ్గర వస్తుంది. నా సలహాలన్నీ ఒకవైపే మొగ్గుతాయని ముందే చెప్పాలి: తక్కువ చోట్లకు వెళ్లండి, వెళ్లిన చోట ఎక్కువ రోజులు ఉండండి. వారం రోజుల్లో ఆరు పార్కులు చూపిస్తామనే ప్యాకేజీ కొంటే మీరు ఎక్కువగా చూసేది రోడ్డునే.

మొదటిసారి వెళ్తున్నాం. కెన్యానా, టాంజానియానా?

చేతిలో అయిదారు రోజులే ఉంటే కెన్యా. ముంబయి నుంచి నైరోబీకి నేరుగా విమానం ఉంది, ప్రయాణం సుమారు ఆరు గంటలు. దిగిన మర్నాడే మసాయి మారా చేరుకోవచ్చు. ఎనిమిది, తొమ్మిది రోజులు కేటాయించగలిగితే టాంజానియా వైపు వెళ్లండి. అరూషా పట్టణం నుంచి బయలుదేరి తరంగిరె, గోరోంగోరో, సెరెంగెటీ మీదుగా సాగే దారిలో నేల స్వభావం నాలుగైదు సార్లు మారిపోతుంది.

నిజానికి సెరెంగెటీ, మసాయి మారా ఒకే మైదానం. మధ్యలో దేశాల సరిహద్దు ఉందని జంతువులకు తెలియదు. సెరెంగెటీ జాతీయ వనం విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు, మారా రిజర్వు 1,510. అందుకే మారాలో తక్కువ సమయంలో ఎక్కువ జంతువులు కనిపిస్తాయి, వాటితోపాటు వాహనాలూ ఎక్కువే కనిపిస్తాయి. సెరెంగెటీలో గంటసేపు వెళ్లినా మరో బండి ఎదురుకాని చోట్లు ఇంకా ఉన్నాయి.

రెండూ ఒకే యాత్రలో చూడాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. మారా నుంచి సెరెంగెటీలోకి పర్యాటకులు నేరుగా దాటడానికి వీల్లేదు. ఇసెబానియా లేదా నమాంగా సరిహద్దు కేంద్రాల మీదుగా చుట్టూ తిరిగి రావాలి. దానికి దాదాపు ఒక రోజు పోతుంది.

ఏ నెలలో వెళితే మహావలస కనిపిస్తుంది?

మహావలసకు ఒక తేదీ ఉండదు. ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట అది సాగుతూనే ఉంటుంది. కాబట్టి ఏ నెలలో మంద ఎక్కడుంటుందన్నది తెలుసుకుంటే చాలు.

సుమారు 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు (ఆవును పోలి ఉండే పెద్ద జింకలు), వాటితో రెండు లక్షల దాకా జీబ్రాలు, లక్షల్లో గజెల్ జింకలు గడ్డిని వెతుక్కుంటూ తిరుగుతాయి. జనవరి నుంచి మార్చి వరకు దక్షిణాన ఎన్‌డూటూ పరిసరాల్లో ఉంటాయి. గోరోంగోరో ఎత్తైన ప్రాంతపు అగ్నిపర్వతాలు వేల ఏళ్లుగా వెదజల్లిన బూడిద అక్కడి నేల మీద పరుచుకుంది. ఆ బూడిద కింద గట్టిపడి పలకలా మారింది. చెట్ల వేళ్లు దాన్ని చీల్చుకుని దిగలేవు. అందుకే అక్కడ చెట్లు లేవు, పొట్టి గడ్డి మాత్రమే ఉంది. ఆ గడ్డిలో కాల్షియం, భాస్వరం మెండు. పాలిచ్చే తల్లులకు కావలసింది అదే. ఫిబ్రవరి ప్రాంతంలో రెండు మూడు వారాల వ్యవధిలోనే ఎక్కువ దూడలు పుడతాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి నిలబడతాయి. సింహాలు, హైనాలు, చీతాలు ఎన్ని పట్టుకున్నా ఒకేసారి అన్ని దూడలు ఉంటే చాలావరకు బతికి బయటపడతాయి.

మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు. వానలు తగ్గుతుండగా దక్షిణాన నీరు ఎండుతుంది, మంద వాయవ్యంగా కదులుతుంది. జూన్‌లో గ్రుమెటి నది దగ్గర, జులై నుంచి అక్టోబరు వరకు ఉత్తర సెరెంగెటీ, మారాల్లో ఉంటుంది. ఎండాకాలంలో కూడా ఎండని నది మారా ఒక్కటే కావడం అందుకు కారణం. నవంబరులో చిన్న వానలు మొదలయ్యాక మళ్లీ దక్షిణానికి తిరుగుముఖం పడుతుంది.

ఈ మంద ఒకప్పుడు ఇంత పెద్దది కాదని చాలామందికి తెలియదు. 1890లలో పశువులతో వచ్చిన రిండర్‌పెస్ట్ అనే మహమ్మారి తూర్పు ఆఫ్రికా పశువులను, అడవి జంతువులను కలిపి తుడిచిపెట్టింది. 1961లో లెక్కించినప్పుడు సెరెంగెటీలో ఉన్న వైల్డ్‌బీస్ట్‌లు రెండున్నర లక్షల పైచిలుకు మాత్రమే. చుట్టుపక్కల పెంపుడు పశువులకు టీకాలు వేయడంతో వ్యాధి అడవిలోనూ ఆగిపోయింది, 1970ల చివరికి మంద 13 లక్షలకు చేరింది. ఊరి ఆవుకు వేసిన సూది అడవి మందను కాపాడిందన్న ఈ కథ నాకు మంద మారా నదిని దాటే దృశ్యం కన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

నది దాటడం తప్పకుండా కనిపిస్తుందా?

కనిపించకపోవచ్చు. ఎవరైనా ఖాయమని హామీ ఇస్తే నమ్మకండి. వేల జంతువులు ఒడ్డుకు వచ్చి, గంటలకొద్దీ నిలబడి, ఏమీ చేయకుండా వెనక్కి వెళ్లిపోవడం మామూలే. ఒక్కటి దూకితే మిగిలినవన్నీ దాని వెనకే దూకుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో నది దగ్గరలోనే కనీసం మూడు రాత్రులు ఉండగలిగితే అవకాశాలు బాగుంటాయి.

ఒక విన్నపం. మంద ఒడ్డున నిలబడి ఉన్నప్పుడు బండ్లు దారికి అడ్డుగా నిలిస్తే అవి బెదిరి, మొసళ్లున్న చోటో, ఎక్కలేని నిట్టనిలువు ఒడ్డున్న చోటో దిగుతాయి. వెనక్కి, దూరంగా ఆపమని మీ డ్రైవరుకు మీరే చెప్పండి. ముందుకు వెళ్తేనే మీరు సంతోషిస్తారని ఆయన అనుకుంటూ ఉండవచ్చు.

మా పిల్లలకు వేసవి సెలవులు ఏప్రిల్, మేలలోనే. అప్పుడు వెళ్లవచ్చా?

మన వేసవి సెలవులు సరిగ్గా అక్కడి పెద్ద వానల్లో పడతాయి. బురదలో బండ్లు దిగబడతాయి, కొన్ని క్యాంపులు మూసేస్తారు. ధరలు మాత్రం బాగా తగ్గుతాయి. వీలైతే జూన్ మొదటి వారం ఎంచుకోండి. వానలు వెనకబడతాయి, గడ్డి ఇంకా పచ్చగా ఉంటుంది, బడి తెరిచేలోగా తిరిగి రావచ్చు. దసరా సెలవులు ఉత్తర సెరెంగెటీకి, మారాకు అనువైనవి. సంక్రాంతి సెలవులకు వెళితే మంద దక్షిణ మైదానాల్లో ఉంటుంది, దూడల కాలం అప్పుడప్పుడే దగ్గరపడుతుంది. నన్నడిగితే సంక్రాంతే మేలు. ఆకాశం శుభ్రంగా, నేల పచ్చగా ఉంటుంది, జులై, ఆగస్టుల నాటి రద్దీ ఉండదు.

గోరోంగోరో బిలానికి ఒక్క రోజు చాలా?

లోపలికి ఒక్క రోజు చాలు. పై అంచున మాత్రం ఒక రాత్రి ఉండండి. ఇరవై లక్షల ఏళ్ల కన్నా ముందు ఒక మహా అగ్నిపర్వతం తనలోకి తాను కూలిపోగా ఏర్పడిన పళ్లెం ఇది. లోతు సుమారు 600 మీటర్లు, అడుగు వైశాల్యం 260 చదరపు కిలోమీటర్లు. గోడలు ఎక్కడా తెగకుండా, నీటితో నిండిపోకుండా మిగిలిన ఇలాంటి బిలాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. అంచు సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి జులై ఉదయాల్లో చలి గట్టిగా ఉంటుంది. పొగమంచులో ఏమీ కనిపించక, కిందికి దిగుతుండగా ఒక్కసారిగా నేలంతా తెరుచుకుంటుంది.

లోపల దాదాపు 25,000 పెద్ద జంతువులు ఉంటాయని అంచనా. నల్ల ఖడ్గమృగాన్ని చూడటానికి ఉత్తర టాంజానియాలో ఇదే ఎక్కువ అవకాశమున్న చోటు. జిరాఫీలు మాత్రం అడుగున ఉండవు. దిగడానికి గోడలు మరీ నిటారు, మేయడానికి తగిన చెట్లూ లోపల తక్కువ. ఏనుగుల్లో ఎక్కువగా కనిపించేవి పొడవైన దంతాలున్న ముసలి మగ ఏనుగులు.

ఉదయం ఆరింటికే గేటు దగ్గర ఉండండి. తొమ్మిది దాటాక రద్దీ పెరుగుతుంది. మధ్యాహ్న భోజనానికి చాలామంది గోయ్‌టోక్‌టోక్ అనే హిప్పోల మడుగు దగ్గర ఆగుతారు. అక్కడ భోజనం బండి లోపలే చేయండి. చేతిలోని రొట్టెను గద్దలు పైనుంచి వచ్చి తన్నుకుపోతాయి, గోళ్లు గీసుకున్నవారూ ఉన్నారు.

సెరెంగెటీకి వెళ్లే దారిలోనే ఓల్డువాయ్ లోయ ఉంది. 1959లో పురామానవ శాస్త్రవేత్త మేరీ లీకీ అక్కడ ఆదిమానవ జాతికి చెందిన పుర్రెను కనుగొన్నారు. దగ్గర్లోని లెటోలిలో 36 లక్షల ఏళ్ల క్రితం తడి బూడిదలో రెండు కాళ్ల మీద నడిచివెళ్లినవారి అడుగుజాడలు దొరికాయి. గంటన్నర ఆగి మ్యూజియం చూడండి. జంతువుల కోసం తొందరపడుతూ దీన్ని దాటేసి వెళ్లేవారిని చూస్తే నాకు బాధేస్తుంది.

తరంగిరె, మన్యారా చూడదగినవేనా, లేక సమయం మిగుల్చుకోవాలా?

తరంగిరె తప్పకుండా చూడండి, ముఖ్యంగా జులై నుంచి అక్టోబరు మధ్య. చుట్టూ నీళ్లు ఎండిపోయి ఏనుగులు వందల్లో నది దగ్గరికి చేరతాయి. ఇసుకలో తొండంతో గోతులు తవ్వి నీరు తాగుతాయి. అక్కడి బావొబాబ్ చెట్లు మరో ఆకర్షణ. హైదరాబాద్ వారికి ఈ చెట్టు కొత్త కాదు, గోల్కొండ నయా ఖిలాలో ‘హతియాన్ కా ఝాడ్’ అని పిలిచే మహావృక్షం ఈ జాతిదే. ఆఫ్రికా నుంచి వచ్చినవారు శతాబ్దాల క్రితం దాన్ని నాటారని చెబుతారు. తరంగిరెలో ఈ చెట్ల మానులకు ఏనుగులు దంతాలతో చేసిన పెద్ద పెద్ద తొర్రలు కనిపిస్తాయి. తడి నిండిన బెరడును అవి ఎండాకాలంలో నములుతాయి.

మన్యారా సరస్సు వనానికి సగం రోజు చాలు. సమయం లేకపోతే వదిలేయవచ్చు.

కెన్యాలో మారా కాకుండా ఏవి చూడాలి?

అంబోసెలి. ఏనుగుల కుటుంబాలను దగ్గరగా, ప్రశాంతంగా చూడటానికి అంతకు మించిన చోటు నాకు తెలియదు. 1972 నుంచి ఏనుగుల పరిశోధకురాలు సింథియా మాస్ బృందం అక్కడి ఏనుగులను ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి, వంశవృక్షాలతో సహా నమోదు చేస్తూ వస్తోంది. మనుషుల్ని చూసి బెదరని ఏనుగులు అలా అలవాటుపడినవే. అంబోసెలిలో వాన చాలా తక్కువ. అయినా మధ్యలో పచ్చటి చిత్తడి నేలలున్నాయి. కిలిమంజారో మీద కురిసిన వాన భూమిలోకి ఇంకి అక్కడ ఊటలుగా పైకి వస్తుంది. పర్వతం టాంజానియాలో ఉన్నా దాని నిండైన రూపం కనిపించేది ఈ కెన్యా మైదానం నుంచే. పొద్దుపొద్దునే చూడాలి, ఎండ పెరిగేకొద్దీ మబ్బు కమ్మేస్తుంది.

నకూరు సరస్సు ఖడ్గమృగాలకు మంచిది. ఒకప్పటి గులాబీ రంగు ఒడ్డును ఊహించుకుని వెళ్తే నిరాశే. నీటిమట్టం పెరిగి, ఉప్పదనం తగ్గి, ఫ్లెమింగోలు చాలావరకు బొగోరియా లాంటి ఇతర సరస్సులకు తరలిపోయాయి. పులికాట్‌లో మనం ఎక్కువగా చూసేవి పెద్ద ఫ్లెమింగోలు. ఇక్కడ లక్షల్లో ఉండేవి చిన్న జాతి. తూర్పు ఆఫ్రికాలో వాటికి ప్రధానమైన పునరుత్పత్తి స్థలం టాంజానియాలోని నేట్రాన్ సరస్సు. ఆ సోడా నీరు మిగతా జంతువులకు కఠినం కాబట్టే అక్కడ గూళ్లు భద్రంగా ఉంటాయి. దారి కష్టమైనదే అయినా, పక్కనే నిలిచిన ఓల్ డొయిన్యో లెంగాయ్ అగ్నిపర్వతంతో కలిపి చూడగలిగితే మరిచిపోలేరు.

త్సావో తూర్పు, పడమర పార్కులు కలిపి 20,000 చదరపు కిలోమీటర్లు దాటుతాయి. ఎర్రమట్టి చల్లుకుని ఎర్రగా కనిపించే ఏనుగులు అక్కడి ప్రత్యేకత. 1898లో ఉగాండా రైలుమార్గం వంతెన కట్టేటప్పుడు రెండు సింహాలు కూలీలను చంపి తిన్నది ఇక్కడే. ఆ కూలీల్లో చాలామంది భారతదేశం నుంచి, ముఖ్యంగా పంజాబ్ నుంచి తీసుకెళ్లినవారు. 2017లో మొదలైన నైరోబీ–మొంబాసా రైలు ఇప్పుడు అదే త్సావో గుండా వెళ్తుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఏనుగులు కనిపించవచ్చు.

నైరోబీలో విమానానికి సగం రోజు మిగిలితే నైరోబీ జాతీయ వనం చూడండి. 1946లో ఏర్పడిన ఇది కెన్యాలో మొదటిది.

కిలిమంజారో ఎక్కడానికి పర్వతారోహణ శిక్షణ కావాలా?

తాళ్లు, మంచు గొడ్డళ్లు అవసరం లేదు, మామూలు దారుల్లో అది నడకే. కానీ 5,895 మీటర్ల ఎత్తుకు నడవడం. చాలామంది శిఖరం చేరకుండా వెనక్కి రావడానికి కారణం కాళ్ల బలహీనత కాదు, ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత. శరీరం సర్దుకోవడానికి సమయం ఇవ్వాలి. అయిదు రోజుల ప్యాకేజీ చవకగా ఉంటుంది, దాన్ని తీసుకోవద్దు. లెమోషో దారిలో ఎనిమిది రోజులు, మచామె దారిలో ఏడు రోజులు తీసుకునేవారికి అవకాశాలు చాలా మెరుగు. గుడారాలు వద్దు, పైకప్పు కింద పడుకోవాలనుకుంటే మరంగు దారి ఉంది. గైడ్లు నోటి వెంట పదేపదే అనే ‘పోలె పోలె’ను, అంటే ‘మెల్లగా, మెల్లగా’ను, ఆదేశంగా తీసుకోండి.

తలనొప్పి, వాంతులు, తూలడం మొదలైతే దాచకండి. కిందికి దిగడమే అసలు చికిత్స. ముందుగా వాడే మందుల గురించి డాక్టరును అడిగి వెళ్లండి. శిఖరానికి చివరి నడక అర్ధరాత్రి ప్రాంతంలో మొదలవుతుంది, చలి సున్నాకు చాలా కిందికి పోతుంది.

నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ 2016లో కిలిమంజారో కూడా ఎక్కారు. ఆమెను చూసి మన పిల్లలు చాలామంది ఈ పర్వతానికి వెళ్తున్నారు. సంతోషమే. పిల్లల్ని రికార్డుల కోసం తొందరపెట్టే తల్లిదండ్రులకు మాత్రం ఒక మాట: పై ఎత్తుల్లో తమకు ఏమవుతోందో చిన్నపిల్లలు సరిగా చెప్పలేరు.

మోతగాళ్ల గురించి కూడా ఆలోచించండి. ఒక్కొక్కరి మీద బరువు 20 కిలోలకు మించకూడదని నియమం. చవక ప్యాకేజీల్లో కోత పడేది వాళ్ల కూలిలో, తిండిలో, గుడారంలో. మోతగాళ్లకు ఎంత ఇస్తారని కంపెనీని ముందే అడగండి. తడబడకుండా చెప్పేవారినే ఎంచుకోండి.

శిఖరం మీది హిమానీనదాల విస్తీర్ణం 1912తో పోలిస్తే 80 శాతానికి పైగా తగ్గిపోయింది.

గొరిల్లాలను చూడాలంటే?

పర్వత గొరిల్లాలు కెన్యా, టాంజానియాల్లో లేవు. ఉగాండాలోని బ్విండి అడవికో, రువాండాలోని వోల్కనోస్ జాతీయ వనానికో వెళ్లాలి. ఒక్క అనుమతికి ఉగాండాలో 800 డాలర్లు, రువాండాలో 1,500 డాలర్లు. రోజుకు ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి ఎనిమిది మందినే పంపుతారు, వాటి దగ్గర ఉండనిచ్చేది ఒక గంట. పదిహేనేళ్లలోపు పిల్లలకు ప్రవేశం లేదు. జలుబు, దగ్గు ఉంటే మీరే ఆగిపోండి, మన జబ్బులు వాటికి సోకుతాయి. ధర ఎక్కువే. కానీ వెయ్యికి కాస్త మించి మాత్రమే మిగిలిన ప్రాణులకు కాపలా కాసేది ఆ డబ్బే.

అదే యాత్రలో విక్టోరియా జలపాతం కూడా చూడవచ్చా?

విక్టోరియా సరస్సు, విక్టోరియా జలపాతం వేర్వేరు చోట్ల ఉన్నాయి. సరస్సు తూర్పు ఆఫ్రికాలోదే. జలపాతం చాలా దక్షిణాన, జాంబియా–జింబాబ్వే సరిహద్దులో ఉంది. దానికి మరో యాత్ర పెట్టుకోండి. తూర్పు ఆఫ్రికాలోనే జలపాతం కావాలంటే ఉగాండాలో మర్చిసన్ ఉంది. నైలు నది అంతా కొన్ని మీటర్ల వెడల్పున్న రాతి సందులోంచి దూసుకుని కిందికి పడుతుంది.

వీసా, టీకాల సంగతి?

కెన్యాకు 2024 జనవరి నుంచి వీసాకు బదులు ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి. టాంజానియాకు ఈ-వీసా ఉంది. కెన్యా, ఉగాండా, రువాండా మూడింటికీ కలిపి 100 డాలర్లకు ఉమ్మడి పర్యాటక వీసా ఇస్తారు, టాంజానియా అందులో లేదు.

ఎల్లో ఫీవర్ టీకాను తేలిగ్గా తీసుకోవద్దు. కెన్యా, ఉగాండాల నుంచి తిరిగి వచ్చేవారి దగ్గర ఆ ధ్రువపత్రం లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌కు పంపవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది, ఆపై జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. గుడ్డు పడనివారు, అరవై దాటినవారు, గర్భిణులు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

మలేరియా మాత్రలు కూడా డాక్టరు సలహాతో బయలుదేరక ముందే మొదలుపెట్టాలి, తిరిగి వచ్చాక చెప్పిన రోజుల వరకూ ఆపకూడదు. చాలామంది ఇంటికి చేరగానే మానేస్తారు. అది ప్రమాదం. తరంగిరె, పశ్చిమ సెరెంగెటీల్లో సెట్సీ ఈగలు బట్టల మీంచి కూడా కుడతాయి. ముదురు నీలం, నలుపు రంగులు వాటిని ఆకర్షిస్తాయి కాబట్టి ఆ రంగుల బట్టలు వద్దు.

ఖర్చు ఎంత అవుతుంది?

విమానం టికెట్ కాకుండా, వసతి, భోజనం, బండి, గైడ్, ప్రవేశ రుసుములు కలిపి మధ్యస్థాయి సఫారీకి మనిషికి రోజుకు సాధారణంగా 250 నుంచి 400 డాలర్లు. ఇంత ఎందుకని అడుగుతారు. రుసుములే పెద్ద భాగం. సెరెంగెటీలో విదేశీయులకు రద్దీ కాలంలో రోజుకు 70 డాలర్లు, పైన 18 శాతం పన్ను. గోరోంగోరో బిలంలోకి దిగే ప్రతి బండికీ 250 డాలర్లు, దాని మీదా పన్ను. మారాలో జనవరి–జూన్ మధ్య 100, జులై–డిసెంబరు మధ్య 200 డాలర్లు. ఇవి మారుతుంటాయి, బుక్ చేసే రోజున సరిచూసుకోండి.

తగ్గించుకునే మార్గం ఒకటుంది. బండి ఖర్చు తలా పంచుకునేది కాబట్టి ఆరుగురు కలిసి వెళ్తే బాగా కలిసివస్తుంది. గుడారాల బస కూడా చవక. కానీ గైడ్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి.

మంచి గైడ్ అని ఎలా తెలుస్తుంది?

బండి ఆపి ఇంజను కట్టేసేవాడు మంచి గైడ్. రేడియోలో ‘సింబా’ అనగానే బండిని పరుగెత్తించేవాడు కాదు. సింబా అంటే సింహం, చుయి చిరుత, దుమా చీతా, తెంబో ఏనుగు, కిఫారు ఖడ్గమృగం. ఈ అయిదు మాటలు తెలిస్తే రేడియో సంభాషణ మీకూ కొంత అందుతుంది.

‘బిగ్ ఫైవ్’ (సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న) జాబితా వేటగాళ్ల కాలంలో పుట్టింది. కాలినడకన వేటాడటానికి ఏవి ప్రమాదకరమో చెప్పే జాబితా అది. దాన్ని పట్టుకుని రోజంతా పరుగెత్తితే పేడపురుగు బంతి దొర్లించడం, రాబందులు ఒకదాని తర్వాత ఒకటి దిగడం, జీబ్రా పొడవాటి గడ్డి కొసలు తిన్నాక వైల్డ్‌బీస్ట్, ఆ తర్వాత గజెల్ వచ్చి మిగిలిన చిగుళ్లు మేయడం ఏవీ చూడలేరు. ఒక చెట్టు కింద గంటసేపు ఆగమని అడగండి. మొదటి పదిహేను నిమిషాలు ఏమీ జరగదు. ఆ తర్వాత మీ బండిని చూసి బిగుసుకున్న జంతువులు తమ పనిలో పడతాయి.

జాతీయ వనాల్లో దారి వదిలి గడ్డిలోకి బండి నడపకూడదు, చాలాచోట్ల రాత్రి సఫారీ ఉండదు. ఎక్కువ డబ్బిస్తాం, దగ్గరికి తీసుకెళ్లమని డ్రైవరును ఒత్తిడి చేయకండి. పట్టుబడితే పోయేది ఆయన ఉద్యోగం. రాత్రి తిరగడం, నడక కావాలనుకుంటే మారా చుట్టూ ఉన్న నబోయిషో, మారా నార్త్ లాంటి కన్జర్వెన్సీల్లో (స్థానికుల సొంత భూముల్లో ఏర్పాటైన సంరక్షణ ప్రాంతాల్లో) ఉండండి.

మసాయి గ్రామాలకు వెళ్లడం మంచిదేనా?

డబ్బు తీసుకుని నృత్యం చూపించే రోడ్డు పక్క గ్రామాల్లో అరగంట గడిపితే పెద్దగా తెలిసేది ఏమీ లేదు. ఫోటోకు ముందు అడగండి, బేరం మర్యాదగా చేయండి.

అంతకన్నా ముఖ్యం, మీరు నిలబడిన నేల చరిత్ర తెలుసుకోవడం. 1959లో సెరెంగెటీ వనం నుంచి పశుపోషకులైన మసాయి తెగవారిని తరలించి గోరోంగోరో ప్రాంతంలో పశువులతో ఉండవచ్చని మాట ఇచ్చారు. ఇప్పుడు అక్కడి నుంచీ వెళ్లాలన్న ఒత్తిడి వారి మీద ఉంది. 2022 జూన్‌లో సెరెంగెటీ పక్కనున్న లొలియాండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేత భూమికి ప్రభుత్వం హద్దులు పాతినప్పుడు ఘర్షణలు జరిగాయి. మనుషుల్ని తీసేస్తేనే అడవి బతుకుతుందన్న వాదన నాకు అంగీకారం కాదు. ఈ గడ్డి మైదానాల్లో పశువులు, అడవి జంతువులు కలిసే మేశాయి. మారా పక్కనున్న కన్జర్వెన్సీల్లో మసాయి భూయజమానులకు నెలనెలా కౌలు అందుతుంది. బస ఎంచుకునేటప్పుడు, కుదిరితే, ఆ డబ్బు వారికి చేరే చోటును ఎంచుకోండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

ఇబ్బంది లేదు. నైరోబీ, అరూషాల్లో తరతరాలుగా స్థిరపడిన గుజరాతీల వల్ల శాకాహారం అంటే ఏమిటో వంటవాళ్లకు తెలుసు. చపాతీ, సమోసా, పిలావ్, టీ అక్కడివారి రోజువారీ తిండిలో భాగమే. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి మన సంకటికి దగ్గరి బంధువు, ఆకుకూరతో, చిక్కుడు గింజల కూరతో బాగుంటుంది. గుడ్డు కూడా తినమని, జైన భోజనం కావాలని ముందే రాసి పంపండి. పగటిపూట ఇచ్చే భోజనం డబ్బాలో మాత్రం శాకాహారికి రొట్టె, పండు తప్ప ఎక్కువ ఉండకపోవచ్చు. కాస్త పొడి, కారప్పూస వెంట ఉంచుకోండి.

అయితే వాటిని ప్లాస్టిక్ సంచుల్లో కట్టకండి. కెన్యా 2017లో, టాంజానియా 2019లో ప్లాస్టిక్ సంచులను నిషేధించాయి. ఊరగాయను బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, గుడ్డసంచిలో వేసి తీసుకెళ్లండి.

పెద్దవాళ్లను, చిన్నపిల్లలను తీసుకెళ్లవచ్చా?

నడుం నొప్పి ఉన్నవారికి గతుకుల రోడ్లు కష్టం. అలాంటివారికి లోపలి ఎయిర్‌స్ట్రిప్‌ల దాకా చిన్న విమానాలు ఉన్నాయి. వాటిలో సామాను సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తని సంచిలో. చక్రాల గట్టి సూట్‌కేసులు ఎక్కించరు. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు గోరోంగోరో అంచు ఎత్తు గురించి డాక్టరును అడగాలి.

ఆరేడేళ్లలోపు పిల్లలు రోజంతా బండిలో కూర్చోలేరు. కొన్ని క్యాంపులు చిన్నపిల్లలను అనుమతించవు. మూత్రవిసర్జనకు ఎక్కడ దిగాలో గైడ్ చూసి చెప్పాకే దిగాలి, ఎంత అత్యవసరమైనా. చీకటి పడ్డాక గుడారం నుంచి భోజనశాలకు కూడా కాపలాదారు తోడు లేకుండా నడవకూడదు.

కెమెరా, ఫోను, ఇతర సామాను?

బైనాక్యులర్స్ మనిషికొకటి. ఇది కెమెరా కన్నా ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. దుమ్ముకు కెమెరా లెన్స్ మార్చకుండా ఉండటమే మేలు. డ్రోన్లు అనుమతి లేకుండా తీసుకెళితే స్వాధీనం చేసుకుంటారు. ప్లగ్గులు బ్రిటిష్ తరహా మూడు పలకల పిన్నులవి, అడాప్టర్ కావాలి. ఉన్ని స్వెటర్, పల్చటి టోపీ, దుమ్ముకు ముక్కు కప్పుకునే తువ్వాలు ఉంచుకోండి. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలు వద్దు. డాలర్లు కొత్త నోట్లు తీసుకెళ్లండి, పాతవి, చిరిగినవి తీసుకోరు.

ఎంత ముందుగా బుక్ చేసుకోవాలి?

జులై–అక్టోబరు మధ్య ఉత్తర సెరెంగెటీ, మారాలకు, ఫిబ్రవరిలో ఎన్‌డూటూకు ఎనిమిది నెలల నుంచి ఏడాది ముందు. గొరిల్లా అనుమతులకూ అంతే. మిగతా కాలాల్లో మూడు నెలలు సరిపోతుంది. డబ్బు కట్టే ముందు కంపెనీ నుంచి నాలుగు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఏ రాత్రి ఏ క్యాంపులో, ఆ క్యాంపు పార్కు లోపలా బయటా, బండి మీకు ఒక్కరికేనా, రుసుములన్నీ ధరలో కలిశాయా. పార్కుకు గంట దూరంలో బస ఇస్తే తెల్లవారుజామున జంతువులు కదిలే సమయం మీకు దారిలోనే గడిచిపోతుంది. ప్రయాణ బీమాలో అడవి నుంచి విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు కలిసి ఉందో లేదో కూడా చూసుకోండి. కిలిమంజారో ఎక్కేవారైతే ఆ పాలసీ ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చదవండి, చాలా పాలసీలు 5,895 మీటర్లకు చాలా కిందే ఆగిపోతాయి.